నరసమ్మ ఒక్కతే ఎలా వెళ్లింది

గెడ్డవలస బడిలో ఇరవై రెండేళ్లుగా మధ్యాహ్న భోజనం వండుతున్న దేవమణికి దేవుడి మీద తప్ప ఎవరి మీదా నమ్మకం లేదు. కోడిగుడ్లు వచ్చిన రోజు ఆవిడను చూసితీరాలి. ట్రేలు దింపిన ఆటోవాడు కదలడానికి వీల్లేదు. బకెట్టుతో నీళ్లు తెచ్చి గుడ్లు ఒక్కొక్కటే అందులో వేసేది. మునిగినవి గంపలోకి, తేలినవి వాడి చేతిలోకి. "ఇవి మీ ఇంటికాడ వొండించుకో నాయనా" అని నవ్వకుండా అనేది. బియ్యం బస్తా విప్పితే ముందు గుప్పెడు తీసి వాసన చూసేది. హెడ్మాస్టరు జగన్నాధం గారు కొత్తగా వచ్చినప్పుడు ఆయన్ని కూడా ఓ ఆరు నెలలు ఇంచుమించు అలాగే చూసింది. పరవాలేదని తేలాకే టీ ఇచ్చింది.

ఎవరేమనుకున్నా, ఆ అనుమానం పుణ్యమా అని ఆ బడిలో అన్నం తిని ఒక్క పిల్లకి కడుపునొప్పి రాలేదు. మొగుడు ఎలీషా విశాఖలో తాపీ పనికి పోయి నెలకోసారి వస్తాడు. వచ్చినప్పుడల్లా "నా మీద ఎన్ని గుడ్లు తేలినాయే ఈ నెల" అని అడుగుతాడు. ఆవిడ నవ్వదు. ఆలోచించి చెబుతుంది.

అంతటి మనిషి పదకొండేళ్లుగా అనుమానించకుండా పక్కన పెట్టుకున్నది లక్ష్మీనరసమ్మ ఒక్కర్తినే. మొగుడు పోయిన ఏడాదికి ఆ బడిలోనే రెండో వంటమనిషిగా చేరింది నరసమ్మ. దేవమణి కంటే పదేళ్లు చిన్నది. ఒకరు బాప్టిస్టు సంఘం, ఇంకొకరు పైడితల్లమ్మ భక్తురాలు. అయినా ఇద్దరూ ఒకరినొకరు వదినా అనే పిలుచుకునేవారు. ఎవరికి ఎవరు ఏ వరసలో వదినో ఊళ్లో ఎవరూ అడగలేదు. దేవమణి ఉప్పు వేస్తే నరసమ్మ రుచి చూసేది. నరసమ్మ వేస్తే దేవమణి చూసేది. అదే వాళ్ల స్నేహం.

ఇలా ఉండగా శ్రావణమాసం ముందర ప్రభుత్వం పొదుపు చేయాలనుకుంది. పొదుపు అనే మాట ఈ ఆడవాళ్లకు సంఘాలు పెట్టి నేర్పింది ప్రభుత్వమే. ఇప్పుడు తను కూడా నేర్చుకుంది కాబోలు. కాకపోతే నేర్చుకున్న పొదుపును తన కార్ల మీదా మీటింగుల మీదా చూపించలేదు, నేరుగా పిల్లల కంచాల దగ్గరకు వచ్చింది. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు నాలుగు కిలోమీటర్ల అవతలున్న పెద్ద బడికి పోవాలట. గెడ్డవలసలో మిగిలేది పంతొమ్మిది మంది. పంతొమ్మిది మందికి ఇద్దరు వంటవాళ్లు దండగట. నెలాఖరుకి ఒకరిని తీసేసి, ఎవరిని ఉంచారో తల్లిదండ్రుల కమిటీ చేత తీర్మానం రాయించి పంపమని జగన్నాధం గారికి కాగితం వచ్చింది.

ఆయన ఆ కాగితం చదివి వినిపించిన రోజు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని గిన్నెలు తోముకున్నారు. చివరికి నరసమ్మే అంది.

"ఒకలే ఉండాలంటే నువ్వే ఉండు వదినా. నువ్వు ముందునుంచి ఉన్నావు."

"ఒకలెందుకు ఉండాలి? ఇద్దరం ఉండాలి. అందుకే కదా పద్మకుమారి విజయవాడ బయలెల్లమంటంది" అంది దేవమణి.

పద్మకుమారి రాజాంలో ఉంటుంది, మండలంలోని వంటవాళ్ల యూనియన్‌కి పెద్ద. రాష్ట్రమంతటి నుంచీ వంటవాళ్లు మంగళవారం విజయవాడ చేరి రోడ్డు మీద కూర్చోవాలని పైనుంచి పిలుపు. ఇలాంటి పిలుపు వస్తే పోలీసులు ఏం చేస్తారో అందరికీ తెలిసిందే. ముందురోజే వచ్చి ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటారు. గేదె మేతకు పోతే గేదె వెనకాలే వస్తారు. అందుకని పద్మకుమారి ఇంట్లో ఏడుగురు ఆడవాళ్లు కూర్చుని, తలుపేసి, పథకం వేశారు. ఫోన్లలో మాట్లాడకూడదు. జెండా లేదు, కండువా లేదు. శ్రావణం కదా, పెళ్లివారిలా పట్టుచీరలు కట్టి, పళ్లెంలో పసుపూ కుంకుమా పట్టుకుని సోమవారం పొద్దున్నే రాజాంలో బస్సెక్కి, చీపురుపల్లిలో రైలు పట్టుకోవాలి.

అందరి చేతా ఒట్టు వేయించింది మటుకు దేవమణే. ఒకరు పిల్లల మీద వేశారు, ఇంకొకరు అమ్మవారి మీద వేశారు. తను బైబిలు మీద చెయ్యి పెట్టింది. "ఈ ఏడుగురికీ తప్ప ఎనిమిదో మనిషి సెవిన పడకూడదు. పడిందంటే మనలో ఒకలే సెప్పినట్టు" అంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ ముఖం చూసి పద్మకుమారే కాస్త సర్దుకు కూర్చుందట.

ఆదివారం దేవమణి తమ సంఘం గుడికి వెళ్లి వచ్చి, మధ్యాహ్నం పట్టుచీర మడత విప్పి ఆరేసింది. సాయంత్రం నరసమ్మ వచ్చి, చీపురుపల్లిలో చెల్లెలి కూతురికి జ్వరమని కబురొచ్చిందనీ, రాత్రికి అక్కడే ఉండి పొద్దున్న స్టేషన్లోనే కలుస్తాననీ చెప్పింది. సరేనంది దేవమణి.

సోమవారం తెల్లవారుతుండగా తలుపు తీస్తే అరుగు మీద లేడీ కానిస్టేబులు కూర్చుని ఉంది. పేరు శైలజ. "అమ్మా, ఈ రెండ్రోజులు ఎక్కడికీ వెళ్లొద్దు. పెళ్లి ఉంటే చెప్పండి, కవరు నేనే చదివించి వస్తాను" అంది. పట్టుచీర సంగతి కూడా తెలిసిపోయిందన్నమాట. పద్మకుమారినీ మరో ఇద్దరినీ ఇళ్ల దగ్గర ఆపారు. ఇంకో ఇద్దర్ని రాజాం బస్టాండులో పసుపు కుంకుమల పళ్లెంతో సహా పట్టుకుని స్టేషనుకు తీసుకుపోయారు.

ఏడుగురిలో ఆరుగురు దొరికారు. నరసమ్మ ఒక్కతే రైలెక్కింది.

దేవమణి ఆ రోజంతా గుమ్మంలో కూర్చుని ఈ ముక్కనే తిప్పి తిప్పి చూసింది. ఆరుగుర్ని ఆపినవాళ్లు ఒక్కర్తిని ఎలా వదిలేశారు? సరిగ్గా ఆదివారమే ఆ పిల్లగుంటకి జ్వరం రావాలా? నరసమ్మ తోటికోడలి కొడుకు నరేష్ అదే స్టేషన్లో హోంగార్డు. ఇన్నాళ్లూ ఈ సంగతి తెలిసే ఉంది, కానీ ఇన్నాళ్లూ అది ఒక సంగతిలా కనిపించలేదు. ఇకపోతే బడిలో మిగిలేది ఒక్క వంట పని. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూసుకుంది దేవమణి. నువ్వే ఉండు వదినా అన్నది కదా, ఎంత తీయగా అన్నది. అంత తీయగా అనేవాళ్లనే నమ్మకూడదని ఆవిడకు నాలుగేళ్ల వయసు నుంచీ తెలుసు. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు పెద్దలు. ఇన్నేళ్లు కోడిగుడ్ల మీద బతికిన ఆ భూతానికి ఇప్పుడు మనిషి దొరికింది.

బుధవారం నరసమ్మ తిరిగి వచ్చింది. కుడి మణికట్టుకు కట్టు. విజయవాడలో రైలు దిగి, ఎవరూ తెలియని గుంపులో పట్టుచీరతోనే రోడ్డు మీద కూర్చుందట. పోలీసులు వ్యానులోకి లాగినప్పుడు చెయ్యి మెలిపడిందట. సాయంత్రం దాకా ఏదో కల్యాణమండపంలో ఉంచి వదిలేశారట. "మీరంతా లేకపోతే నాకు నినాదం కూడా నోట్లోకి రాలేదు వదినా. పక్కవాళ్లు అంటే నేనూ పెదాలు కదిపినాను" అంది.

దేవమణి ఆ కట్టు వైపు చూసింది. కట్టు ఎవరైనా కట్టించుకోవచ్చు అనుకుంది. ఆ రోజు చారులో ఉప్పు తనే వేసి, తనే రుచి చూసుకుంది.

నరసమ్మ తెలివితక్కువదేం కాదు. రెండు రోజులు చూసి, మూడో రోజు ఒంటిచేత్తో ఉల్లిపాయలు ఒలుస్తూ అంది. "వదినా, నన్ను ఏటైనా అడగాలనుంటే అడిగీ. మనసులో ఎట్టుకోకు."

"నానేటి అడుగుతాను? అడగడానికేటున్నాది?" అంది దేవమణి.

తిన్నగా అడగలేదు గానీ, ఆ ఆదివారం రాజాంలో పద్మకుమారి ఇంట్లో మీటింగయితే అక్కడ అంతా చెప్పింది. నరసమ్మ ఆ మీటింగుకు రాలేదు, ఆసుపత్రికి వెళ్లింది. దేవమణి జ్వరం సంగతి చెప్పింది, హోంగార్డు సంగతి చెప్పింది, ఒక్క వంట పని మిగిలే సంగతి చెప్పింది. ఎక్కడా గొంతు పెంచలేదు, అబద్ధం ఒక్క ముక్క ఆడలేదు. బస్టాండులో దొరికిన ఇద్దరూ వారం రోజులుగా అవమానంతో కుతకుతలాడుతున్నారు. వాళ్లకు ఎవరో ఒకరు కావాలి.

"నిప్పు లేందే పొగ వస్తాదేటి" అంది వాళ్లలో ఒకామె.

పద్మకుమారి "దేవమణమ్మ ఊరికే ఎవల్నీ అనదు" అని తేల్చేసింది. యూనియన్ పుస్తకంలో నరసమ్మ పేరు కొట్టేశారు. మాట రాజాం నుంచి గెడ్డవలసకు ఆ సాయంత్రం బస్సులోనే వచ్చింది. తల్లిదండ్రుల కమిటీలో పెద్ద సూరయ్య. మనిషి చెడ్డవాడు కాదు, కానీ తలనొప్పి పనులంటే భయం. ఎవరిని తీసేయాలా అని మథనపడుతున్నవాడికి దారి దొరికింది. యూనియనోళ్లే వద్దనుకున్నాక మనకెందుకు, దేవమణిని ఉంచుదాం అన్నాడు. సంతకాలు వచ్చే శుక్రవారం. మర్నాటి నుంచే నరసమ్మ వంటకు రావడం మానేసింది. ఊళ్లో ఉభాలు సాగుతున్నాయి, వరినాట్లకు మనుషులు చాలడం లేదు. ఆ చేత్తోనే నాట్లకు పోయింది.

దేవమణికి ఇక నిశ్చింతగా ఉండాలి కదా. లేదు. పంతొమ్మిది మందికి ఒక్కర్తీ వండి, మిగిలిన అన్నం ఎవరితో కలిసి తినాలో తెలియక గిన్నె ముందు కూర్చునేది. నేను తప్పు చేయలేదు, నా కళ్లతో చూసిందే చెప్పాను అని తనకు తనే రోజుకు పదిసార్లు చెప్పుకునేది. అన్నిసార్లు చెప్పుకోవలసి వస్తోందంటేనే ఎక్కడో తేడా ఉందని ఆవిడ ముక్కుకు తెలియాలి. బియ్యం సంగతి పట్టగలిగిన ముక్కుకు తన సంగతి పట్టలేదు.

సరిగ్గా అప్పుడే, బుధవారం నాడు, రాజాంకు మంత్రి ఎవరో వస్తున్నారని శైలజ మళ్లీ అరుగు మీదకు వచ్చి కూర్చుంది. ఎండగా ఉంది. పోలీసు అయినా ఆడపిల్ల కదా అని దేవమణి టీ ఇచ్చింది. ఇచ్చి, ఎదురుగా చతికిలబడి, ఇన్ని రోజులూ నాలుక చివరనున్న మాట అడిగేసింది.

"అమ్మా, నిజం సెప్పు. అప్పుడు మా సంగతి మీకు నరసమ్మే కదా సెప్పింది? నరేష్ సేత సెప్పించిందా?"

శైలజ గ్లాసు దించి, వింతగా చూసింది. "నరసమ్మెవరు?"

"ఆ రైలెక్కినామె."

"ఆమె పేరే మాకు తెలీదమ్మా. తెలిస్తే ఆపేవాళ్లం కదా." శైలజకు నవ్వొచ్చింది. "చంకలో పిల్లనెట్టుకుని ఊరంతా వెతికినట్టున్నావే. చెప్పింది మీ చర్చీ మైకు. ఆ ఆదివారం మేం బందోబస్తుకి మీ రోడ్డు మీదే ఉన్నాం. టీ కొట్టు కాడ ఎస్సై గారూ నేనూ నిలబడితే అయ్యగారు ప్రార్థన చీటీలు చదువుతున్నారు. సహోదరి దేవమణి సోమవారం విజయవాడ ప్రయాణం క్షేమంగా జరగాలని, పెళ్లివారి వేషంలో పోతున్న తోటి సహోదరీలు ఫలానా ఫలానా అని అయిదు పేర్లూ వరసగా చదివారు. ఎస్సై గారు సిగరెట్టు పెట్టె మీదే రాసుకున్నారు."

దేవమణి తల తిప్పి గుడి మీది మైకు వైపు చూసింది.

ఆ సంఘంలో రాజాం దాటి ఎవరు ఎటు పోయినా చీటీ రాసి పెట్టెలో వేయడం తాతల నాటి అలవాటు. ఆపరేషనుకు పోయినా, పరీక్షకు పోయినా చీటీ వేయనిదే కాలు బయట పెట్టరు. పాస్టరు జ్ఞానానందం గారు అవన్నీ చదువుతారు, అందరూ కళ్లు మూసుకుని ఆమెన్ అంటారు. గుడి మీద మైకు ఊరంతటికీ వినిపిస్తుంది. దేవమణి నలభై ఏళ్లుగా చీటీలు వేస్తోంది. అది మనుషులతో మాట్లాడటం అని ఆవిడకు ఏనాడూ తోచలేదు. ఎనిమిదో చెవి అని మనుషుల్ని కాచుకుంది, దేవుడికి చెప్పడం కూడా ఊరికి చెప్పడమేనని మరిచిపోయింది. తన చీటీ చదివినప్పుడు అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది కూడా తనే.

మరి నరసమ్మ పేరు అందులో ఎందుకు లేదు? అదీ గుర్తొచ్చింది. ఎప్పుడో చాలా ఏళ్ల కిందట నరసమ్మకు ఒంట్లో బాగాలేనప్పుడు చీటీ వేస్తానంటే, "నన్ను మీ సీటీలో ఎక్కించకు వదినా, మా పైడితల్లమ్మకి కోపమొస్తాది" అని నవ్వింది. ఆ మాట మీద గౌరవంతో ఆ రోజు అందరి పేర్లూ రాసి, నరసమ్మ పేరు ఒక్కటే వదిలేసింది. పేరు లేదు కాబట్టి ఆపలేదు. ఆపలేదు కాబట్టి దొంగయింది.

దేవమణి ఆ మధ్యాహ్నం ఏడ్చింది. శైలజ కంగారుపడి పొరుగువాళ్లను పిలిచింది.

సాయంత్రం జ్ఞానానందం గారి దగ్గరకు వెళితే, ఆయన నెల చీటీలన్నీ డబ్బాలో దాచి రోజూ ప్రార్థన చేస్తారు కాబట్టి, ఆ చీటీ వెతికి ఇచ్చారు. "చదవమనే కదమ్మా వేశావు" అన్నారు, తప్పు చేసినవాడిలా. ఆయన్ని ఏమనగలదు?

గురువారం పొద్దున్నే సూరయ్య దగ్గరకు పోయింది. రేపటి తీర్మానంలో తన పేరు తీసి నరసమ్మ పేరు రాయమంది. సూరయ్య తల గోక్కున్నాడు. "నిన్నటి దాకా ఆమె పోలీసోళ్ల మనిషన్నావు. ఈ రోజు కాదంటన్నావు. నీ మాట మీద నేను సంతకం మార్చలేనమ్మా. యూనియనామె వచ్చి ఒక్క మాట సెబితే మారుస్తాను."

అందుకని రాజాం పరుగెత్తింది. పద్మకుమారి, మిగతా నలుగురూ కూర్చున్నారు. దేవమణి చీటీ మధ్యలో పెట్టి, ఏదీ దాచకుండా చెప్పింది. మిమ్మల్ని పట్టించింది నేనే, నరసమ్మకు ఏ పాపం తెలీదు అంది. అంటూ అంటూ చేతులు జోడించింది.

పద్మకుమారి చీటీని అటూ ఇటూ తిప్పింది.

"ఈ మాట నీకెవరు సెప్పినారు దేవమణమ్మా?"

"ఆ కానిస్టేబులమ్మ. శైలజ."

"పోలీసోళ్లు సెప్పినారు. పోలీసోళ్ల మాట మనం నమ్మాలి."

"సీటీ ఉన్నాది కదమ్మా. నా సేతి రాతే."

"నీ సేతి రాతే. నిన్న రాసినా ఇలాగే ఉంటాది కదా" అంది బస్టాండులో దొరికిన ఆమె.

దేవమణి ఒక్కొక్కరి ముఖమే చూసింది. ఆ చూపులు ఆవిడకు కొత్త కావు. గుడ్లను నీళ్లలో వేసేటప్పుడు తను చూసే చూపే. పోలీసావిడకు ఇంట్లో టీ ఇచ్చావట కదా అని ఒకామె అడిగింది. నిన్నూ నరసమ్మనీ కలిపి పోలీసోళ్లే పంపినారేమో అని ఇంకొకామె పక్కకు తిరిగి గొణిగింది. పద్మకుమారి చీటీ మడిచి తిరిగి ఇచ్చేసింది. "ఇప్పుడు ఏటీ తేల్చలేం. కొన్నాళ్లు నువ్వు కూడా మీటింగులకి రాకు" అంది, మర్యాదగానే.

శుక్రవారం సూరయ్య సంతకం పెట్టాడు. జగన్నాధం గారు కాగితం మీద దేవమణి అని రాసి పైకి పంపారు. ప్రభుత్వానికి ఒక వంటమనిషి ఖర్చు మిగిలింది. యూనియన్ కూడా ఆ వారంలో తన వంతు ఇద్దర్ని తగ్గించుకుంది.

ఆ రోజు పదకొండు గంటలకు పొయ్యి మీద ఎసరు పెట్టి, బడి ఆయమ్మను కాస్త చూడమని దేవమణి గట్టు వెంబడి పొలాల్లోకి నడిచింది. నరసమ్మ మోకాలిలోతు బురదలో వరసలో ఉంది. కట్టు తీసేసింది, ఎడమచేత్తో నాటుతోంది. మిగతా ఆడవాళ్లు తలెత్తి చూసి, మళ్లీ వంగారు. దేవమణి గట్టు మీద నిలబడే అంతా చెప్పింది. మైకు, చీటీ, రాజాం, అంతా. క్షమించమని కూడా అంది.

నరసమ్మ చేతిలో ఉన్న నారు కట్ట అయ్యేదాకా నాటి, నడుం పట్టుకుని నిలబడింది.

"సెప్పినావు సరే. ఆళ్లు నమ్మినారేటి?"

"నమ్మలేదు వదినా. సీటీ సూపించినా నమ్మలేదు."

"నా మీద సెప్పినప్పుడు ఏటి సూపించినావు?"

దేవమణి అప్పుడు ఏమీ చూపించలేదు. చూపించమని ఎవరూ అడగలేదు కూడా.

"ఎల్లు. అన్నం మాడిపోతాది" అని నరసమ్మ ఇంకో కట్ట అందుకుని వంగింది.